కాటా బాబాయ్ – అంతస్తుల లెక్క

ఆ ఆఫీసులో అతన్ని సొంత పేరుతో పిలిచేది హాజరు పట్టీ ఒక్కటే. మిగతా అందరికీ అతను కాటా బాబాయ్. ముప్ఫై ఒక్క ఏళ్లుగా భుజాన ఖాకీ సంచీ. అందులో వేలాడదీసే కాటా, పసిపిల్లల్ని వేసి తూచే ఉయ్యాల గుడ్డ, దాని రెండు అంచుల్లోనూ కుట్టిన ఇనప కడ్డీలు, కార్డుల కట్ట, ఒకటి మొరాయిస్తే ఇంకొకటి ఉండాలని రెండు పెన్నులు. నగరంలో పుట్టిన పిల్లలు ఎలా పెరుగుతున్నారో చూడడానికి ఆరోగ్యశాఖ పెట్టిన పరిశోధన విభాగం అది. పిల్లల్ని తూచడం, కార్డు నింపడం, తెచ్చి బీరువాలో పెట్టడం అతని పని. చెప్పుకుంటే ఇంతే. ఎనిమిది నెలల బిడ్డ గుక్కపట్టి కాళ్లతో తన్నుతుంటే, తల్లి "మెల్లిగా, మెల్లిగా" అంటూ చుట్టూ తిరుగుతుంటే, ఊగే కాటా మీద అంకె నిలిచే ఆ ఒక్క క్షణాన్ని పట్టుకోవడం ఎంత పనో చేసినవాళ్లకే తెలుస్తుంది. కుర్చీలో కూర్చుని పట్టికలు అడిగేవాళ్లకి తెలియదు. తెలుసుకోవాలని కూడా ఉండదు.

బాబాయ్‌కి రెండే పట్టింపులు. సెలవు పెట్టకూడదు, గడి ఖాళీగా వదలకూడదు. "గడి పెట్టారంటే నింపమనే కదా పెట్టింది? ఊసుపోక గీస్తారా గీతలు?" అని కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ ఒక పూట క్లాసు పీకేవాడు. పక్కవాళ్ల కార్డుల్లో ఖాళీ గడులు కనిపిస్తే ఒళ్లు మండిపోయేది. నాలుగేళ్ల కిందట ముల్లు కాటాలు పోయి బటన్ కాటాలు వచ్చినప్పుడు కుర్రకారంతా తికమక పడుతుంటే, అరపూట శిక్షణతోనే బాబాయ్ దాన్ని చేతిలోకి తెచ్చేసుకున్నాడు. కాటా మారింది గానీ, కార్డూ మారలేదు, బాబాయ్ పద్ధతీ మారలేదు.

సెలవు విషయంలో మాత్రం ఒక్కసారి తప్పాడు. కంట్లో శుక్లం తీయించుకున్నప్పుడు నలభై రోజులు ఇంట్లో ఉండిపోవాల్సి వచ్చింది. ఆ నలభై రోజుల ప్రస్తావన వస్తే ఇప్పటికీ దొంగతనం చేసి దొరికిపోయినవాడిలా నసుగుతాడు. రిటైర్ కావడానికి ఇంకా అయిదు నెలలుందనగా ఈ కథ మొదలైంది.

మొదలైంది నోటీసు బోర్డు దగ్గర. నగరంలోని పద్నాలుగు శిశు ఆరోగ్య కేంద్రాలనూ పిల్లల సగటు బరువును బట్టి వరసగా పేర్చి ఒక జాబితా అంటించారు. మెట్ల వీధి కేంద్రం ఆఖరున ఉంది. ఆఖరున ఉండడం వరసగా ఇది మూడో ఏడాది. జాబితా కింద ఎర్ర సిరాతో ఒక ముక్క: ఈసారి అట్టడుగు కేంద్రాన్ని మూసి పక్కదానిలో కలిపే విషయం నెలాఖరు శుక్రవారం సమావేశంలో తేలుస్తారట. బాబాయ్ ఆ ముక్కని మూడుసార్లు చదివాడు. 

ఎందుకంటే మెట్ల వీధి కేంద్రంలో నర్సు అతని చెల్లెలు.

డెబ్భై రెండు మెట్లెక్కితే వస్తుంది ఆ కేంద్రం. ముందు రెండు గదులు, వెనక ఆవిడ ఉండే ఒక గది. భర్త పోయాక ఆవిడ సంసారమంతా అదే. యాభై రెండేళ్ల మనిషి, గట్టి గొంతు, ఎవరినైనా కడిగిపారేయగలదు. బాబాయ్ మాత్రం ఇప్పటికీ "బుజ్జీ" అనే పిలుస్తాడు. నాలుగేళ్ల కిందట, మోకాళ్లు అరిగి ఎక్కువ తిరగలేనంటూ పెద్దసారు కాళ్లావేళ్లా పడి ఆ కేంద్రానికి డ్యూటీ వేయించుకున్నాడు. మోకాళ్లు అరిగినవాడు డెబ్భై రెండు మెట్ల కేంద్రం కోరుకోవడమేమిటని పెద్దసారు అడగలేదు, బాబాయ్ చెప్పలేదు. చెల్లెలి చేతి భోజనం, ఆవిడకి మగదిక్కుగా తను ఉన్నానన్న నిబ్బరం, అదీ అసలు సంగతి.

ఆ నాలుగేళ్లలో అన్నాచెల్లెళ్లకి ఒకే ఒక్క తగువు. తూకం అయ్యాక ఆవిడ బిడ్డని చేతుల్లోకి తీసుకుని తొడలు పట్టి చూసేది. "కళ్లకి దుక్కలా కనిపిస్తున్నాడు అన్నయ్యా. తక్కువంటావేంటి?"

"కళ్లదేముందే, వెలుగుని బట్టి మారతాయి. కాటాకి మొహమాటం ఉండదు."

ఆవిడ కార్డు చూసేది, బిడ్డని చూసేది, చివరికి కార్డుకే ఓటేసేది. అన్నయ్య రాసింది మరి. ఆ తరవాత తల్లి వైపు తిరిగి గొంతు పెంచేది. "ఏం పెడుతున్నావమ్మా వీడికి? ఇలాగైతే ఎలా?" తల్లులు తలొంచుకునేవారు. బలం పొడి ప్యాకెట్లు చేతిలో పెట్టి, వారానికోసారి రమ్మని, రాకపోతే ఇంటికెళ్లి మరీ తిట్టేది. ఇంత చేసినా జాబితాలో కేంద్రం అంగుళం పైకి జరగలేదు. తనలోనే ఏదో లోపముందని ఆవిడకి మెల్లిగా నమ్మకం కుదిరింది. ఆ మాట పైకి అనేది కాదు గానీ, అన్నం కలుపుతూ మధ్యలో ఆగిపోయేది.

జాబితా అంటించిన మర్నాడే ఆఫీసులో కొత్త మనిషి దిగింది. సన్నగా, కళ్లజోడుతో, పాతికేళ్లు దాటీ దాటని పిల్ల. గణాంకాలు చదివిందట. శుక్రవారం సమావేశానికి నివేదిక తయారు చేయడానికి పిలిపించారు. ఖాళీ గది లేక కార్డుల గదిలో, బాబాయ్ బల్లకి ఎదురుగా కూర్చోబెట్టారు. సాయంత్రానికల్లా ఆ పిల్లకి లెక్కలమ్మాయి అనే పేరు స్థిరపడిపోయింది.

రెండు రోజులు బాబాయ్ ఓపిక పట్టాడు. మూడో రోజు బల్ల మీదికి వంగి అడిగేశాడు.

"మేడమ్, సగటు కట్టడానికి ఇన్ని రోజులా? కూడి భాగిస్తే పోలా?"

"నన్ను మేడమ్ అనకండి బాబాయ్ గారూ. నేను సగటు కట్టట్లేదు. ఇది అంతస్తుల లెక్క."

"అంతస్తులా?"

ఆ పిల్ల లేచి బీరువా దగ్గరికి వెళ్లింది. ఒక కార్డు తీసింది. "ఇది ఒక బిడ్డ. ఈ కార్డు ఏ కట్టలోది? ఒక వీధి కట్టలోది. ఆ కట్ట ఏ అరలోది? ఒక కేంద్రం అరలోది. ఒకే వీధి పిల్లలు తాగే నీళ్లొకటే, పీల్చే గాలొకటే. ఒకే కేంద్రం పిల్లల్ని చూసే నర్సు ఒక్కరే. అంచేత వాళ్ల బరువులు దేనికది విడిగా ఉండవు. ఒక బిడ్డ బరువు తగ్గిందంటే అందులో కొంత బిడ్డ వల్ల, కొంత వీధి వల్ల, కొంత కేంద్రం వల్ల. ఎవరి వాటా ఎంతో విడదీసి చూస్తాం."

"ఆరు కేజీల బిడ్డకి ఇంతమంది వాటాదార్లా!" అన్నాడు బాబాయ్. ఆ పిల్ల నవ్వింది. అతను నవ్వుతూ అనలేదు.

"బిడ్డని తూచింది నేను. వచ్చింది ఒక్క అంకె. అందులో వీధెంత, కేంద్రమెంత అని ఎక్కడ కోస్తారమ్మా?"

"ఒక బిడ్డని పట్టుకుంటే కొయ్యలేం. వేలమందిని పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఇంకో మాట. పిల్లలు తక్కువున్న చోట సగటుని పూర్తిగా నమ్మకూడదు. నలుగురు బక్కపిల్లలు తగిలారంటే ఆ కేంద్రం పాతాళానికి పోతుంది. అందుకని అలాంటి చోటుని కొంచెం అందరి సగటు వైపు జరుపుతాం."

బాబాయ్ ఒంటికాలి మీద లేచాడు. "జరుపుతారా? ఎండనకా వాననకా మెట్లెక్కి, గ్రాము అటూ ఇటూ పోకుండా నేను రాసినదాన్ని మీరు ఫ్యాను కింద కూర్చుని జరుపుతారా?"

"మీరు రాసింది ముట్టుకోం బాబాయ్ గారూ. ఆ కేంద్రం గురించి మనం అనుకునేదాన్ని జరుపుతాం."

బిడ్డ కదలదు, బరువు కదలదు, అనుకునేది మాత్రం కదులుతుంది. ఇదెక్కడి చోద్యమో బాబాయ్‌కి తలా తోకా తెలియలేదు. ఇంటికెళ్లి భార్యకి చెప్పాడు. ఆవిడ అంతా విని, "మరి మనిద్దరం ఏ అంతస్తులో ఉన్నాం?" అని అడిగి కూర తరుక్కుంది. 

అయినా ఎక్కడో చిన్న ఆశ పుట్టింది. జరిపేదేదో మెట్ల వీధిని పైకి జరిపితే మంచిదే కదా. మర్నాడు వెళ్తూనే, తనకేమీ పట్టనట్టు, మెట్ల వీధి ఎక్కడికి జరిగిందని అడిగాడు.

"పెద్దగా జరగలేదు. అక్కడ పిల్లలు చాలామందే ఉన్నారు, కొట్టిపారెయ్యలేం. వీధుల వాటా తీసేశాక కూడా మూడువందల గ్రాములు తక్కువే ఉంది. కేంద్రంలోనే ఏదో ఉంది." ఆ పిల్ల పెన్సిలు నములుతూ కంప్యూటర్ తెర వైపు చూసింది. "నాకొకటి అర్థం కావట్లేదు. నాలుగేళ్ల కిందట ఇది ఏడో స్థానంలో ఉంది. అప్పుడేం మారింది?"

మారిందేమిటో బాబాయ్ ఆలోచించాడు. తను వచ్చాడు. అంటే చెల్లెలికి అండ పెరిగింది. ఇంక మారడానికేముంది?

"ఏమీ మార్లేదమ్మా," అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆ పిల్ల కొత్త పని పెట్టింది. ఏ బిడ్డని ఎవరు తూచారో కార్డుల అడుగున ఉండే సంఖ్య చూసి కంప్యూటర్లో ఎక్కించడం మొదలుపెట్టింది. తూచేవాళ్లు మొత్తం పదకొండుమంది. బాబాయ్ తొమ్మిదో నంబరు. "ఇది పై అంతస్తూ కాదు, కింద అంతస్తూ కాదు. ఇంటికి పక్కనుంచి మెట్లుంటాయే, అలాంటిది," అంది. తరవాత ఏమీ ఎరగనట్టు అడిగింది. "మీరు లేనప్పుడు మెట్ల వీధిలో ఎవరు తూచేవారు బాబాయ్ గారూ?"

"నేను లేకపోవడమేంటమ్మా!" అని, వెంటనే తగ్గాడు. "కంటి ఆపరేషనప్పుడొక నలభై రోజులు. రెండో నంబరతను వచ్చి తూచాడు."

"మీరు ఇంకెక్కడైనా తూచారా?"

"బజారు కేంద్రంలో తూచే అమ్మాయి కాన్పుకెళ్తే మూడు నెలలు వారానికి రెండ్రోజులు వెళ్లాను."

ఆ పిల్ల రెండూ రాసుకుంది. ఆ రోజునుంచి మాట్లాడడం మానేసింది. మానేసిందంటే పూర్తిగా కాదు. టీ తాగుతారా అంటే తాగుతాననేది. కానీ అతని కళ్లలోకి చూడడం లేదు. మంగళవారం అలాగే గడిచింది, బుధవారమూ గడిచింది. చెల్లెలి కొంప మునిగిందని, ఆ మాట చెప్పలేకే ఈ పిల్ల నోరు కుట్టేసుకుందని బాబాయ్‌కి ఖాయమైపోయింది.  చెల్లెలితో, "ఆ పిల్ల పక్కనుంచి మెట్లు కడుతోందే," అన్నాడు. ఆవిడ, "మనకున్న డెబ్భై రెండు చాలవా అన్నయ్యా?" అంది.

గురువారం పొద్దున ఆ పిల్ల కార్డుల గది తలుపు దగ్గరగా వేసి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"బాబాయ్ గారూ, మెట్ల వీధి కేంద్రం తప్పేమీ లేదు."

అతను కళ్లు మూసుకున్నాడు. "చల్లటి మాట చెప్పావు తల్లీ."

"ఆగండి. తూచినవాళ్లెవరో లెక్కలో పెట్టగానే కేంద్రం వాటా మాయమైపోయింది. ఆ మూడువందల గ్రాములూ వెళ్లి తొమ్మిదో నంబరు మీద కూర్చున్నాయి."

తొమ్మిదో నంబరు ఎవరో గుర్తు తెచ్చుకోవడానికి బాబాయ్‌కి కాస్త సమయం పట్టింది. 

"మీరు సెలవులో ఉన్న నలభై రోజులూ మెట్ల వీధి పిల్లలు అందరిలాగే ఉన్నారు. మీరు రాగానే తగ్గారు. బజారు కేంద్రంలో మీరు తూచిన రోజుల్లో అక్కడి పిల్లలూ సరిగ్గా అంతే తగ్గారు."

"నన్ను చూసి తగ్గిపోయారా పిల్లలు? నేనేమన్నా రాక్షసుడినా?"

"మీరసలు సెలవే పెట్టకపోయినా, ఇంకో చోటికి వెళ్లకపోయినా, మిమ్మల్నీ ఆ కేంద్రాన్నీ ఎవ్వరూ విడదీయలేకపోయేవారు. ఆ నలభై రోజులే మీ చెల్లెలిగారిని కాపాడాయి."

ఇది ఓదార్పో తిట్టో అతనికి అర్థం కాలేదు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఏ పనికి సిగ్గుపడ్డాడో ఆ పనే మేలు చేసిందట. ఏ పనికి గర్వపడ్డాడో అదే ముంచిందట. "అంతా అబద్ధం!" అని అరిచాడు. "నెలనెలా ఇత్తడి గుండు తగిలించి కాటా పరీక్ష చేస్తాను. రెండు కేజీలంటే రెండు కేజీలే చూపిస్తుంది. రిజిస్టరు తీసి చూసుకో."

"చూశాను. కాటా తప్పు కాదు. మరి తప్పెక్కడుందో నాకూ తెలీదు బాబాయ్ గారూ. ఈ లెక్క ఎక్కడుందో చెప్తుంది గానీ, ఎందుకుందో చెప్పదు." గొంతు తగ్గించి అడిగింది. "ఒక్కసారి నా ముందు తూచి చూపించరూ? బిడ్డని తూచినట్టే, కార్డుతో సహా."

చూపించకపోతే ఊరుకునేవాడా? కసిగా సంచీ విప్పాడు. బీరువా పైన కొక్కేనికి కాటా తగిలించాడు. కాటాకి ఉయ్యాల గుడ్డ తగిలించాడు. శిక్షణలో చెప్పినట్టే బటన్ నొక్కాడు. అంకె సున్నాకి వచ్చింది. ఇత్తడి గుండు తీసి, తల జాగ్రత్త అన్నట్టు, గుడ్డలో పడుకోబెట్టాడు. రెండు కేజీలు. కార్డు తీశాడు. మొత్తం అన్న గడిలో రెండు వేశాడు. గుడ్డ అన్న గడిలో మూడువందల గ్రాములు వేశాడు. నికరం అన్న గడిలో కేజీ ఏడువందలు వేసి, ఎవరో మొట్టికాయ వేసినట్టు ఆగిపోయాడు.

రెండు కేజీల గుండు. కేజీ ఏడువందలని రాసి ఉంది. రాత తనదే, సున్నా చుట్టే ఆ ముచ్చటైన పద్ధతితో సహా.

ముల్లు కాటాల రోజుల్లో గుడ్డ బరువు తీసేయాల్సిందే. ఆ గడి అందుకే పెట్టారు. బటన్ కాటా వచ్చాక, గుడ్డ తగిలించి సున్నా చేశాక, దాని బరువు అక్కడే పోయింది. బాబాయ్ దాన్ని కార్డు మీద రెండోసారి తీసేశాడు. నాలుగేళ్లుగా, ప్రతి బిడ్డకీ. మిగతా పదిమందీ ఆ గడి ఖాళీగా వదిలేశారు. ఎందుకు వదలాలో వాళ్లకైనా తెలుసో లేదో, బద్ధకమే వాళ్లని గట్టెక్కించిందో. బాబాయ్ మాత్రం వాళ్ల బద్ధకాన్ని తిట్టుకుంటూ తన గడి నింపుకుంటూ పోయాడు. నెలనెలా పరీక్షలో గుండుని నేరుగా కొక్కేనికే తగిలించేవాడు కాబట్టి గుడ్డ సంగతి బయటపడలేదు. కంప్యూటర్లోకి నికరం ఒక్కటే ఎక్కేది కాబట్టి పై వాళ్లెవరికీ కనపడలేదు. కార్డు మళ్లీ అచ్చు వేయించడం ఎందుకని పాతవే వాడమన్న మహానుభావుడు ఎప్పుడో పై హోదాకి వెళ్లిపోయాడు.

బాబాయ్ స్టూలు మీద కూలబడ్డాడు. నాలుగేళ్లు, ఎన్ని వేల కార్డులు.  ఏడవాలో, మెట్ల వీధి బతికినందుకు సంతోషించాలో తేల్చుకోలేక ఆ గుండునే చూస్తూ ఉండిపోయాడు.

లెక్కలమ్మాయి బీరువాలోంచి ఒక కట్ట దించి గబగబా తిప్పింది. ప్రతి కార్డులోనూ గుడ్డ గడిలో మూడువందలు, ఒక్కటి కూడా ఖాళీ లేదు. "మీరు గడి నింపారు కాబట్టే దిద్దుకోవచ్చు," అంది. "అంతా తిరిగి కలిపేస్తే చాలు. మీ పేరు రాయక్కర్లేదు. కొలతలో తేడా అని ఒక ముక్క వేస్తాను. అయిదు నెలల్లో రిటైరవుతున్నారు."

 పేరు రాయిస్తే ఏం పోతుందో, దాచుకుంటే ఏం మిగులుతుందో బాబాయ్ కూడుకుని చూశాడు, తేలలేదు. చివరికి అడిగింది వేరే మాట. "ఇప్పుడు ఆఖర్న ఎవరున్నారు?"

"ఏటిగట్టు కేంద్రం."

ఆ నర్సు కూడా అతనికి తెలుసు, ఇరవై ఏళ్ల పరిచయం. "అంటే ఇప్పుడు ఆవిడ కొంప ముంచుతున్నామా?"

"ఎవరో ఒకరు ఆఖర్న ఉంటారు బాబాయ్ గారూ. కింద నాలుగు కేంద్రాలకీ తేడా గట్టిగా చెప్పలేనంత తక్కువ. ఈ జాబితా చూసి దేన్నీ మూయకూడదని రాస్తున్నాను. వింటారో లేదో తెలీదు."

"అయితే నా పేరు రాయి. తేడా ఎలా వచ్చిందో తెలిస్తేనే వింటారు. లేకపోతే ఈ పిల్ల ఏదో అటూ ఇటూ జరిపిందంటారు. నేనే అన్నానుగా."

పెద్దసారుకి చెప్పడానికి భయం లేదు. ఇవాళ కాకపోతే అయిదు నెలలకి ఎలాగూ బయటికే. భయమంతా డెబ్భై రెండు మెట్ల పైన ఉంది. ఆ మధ్యాహ్నం ఆ మెట్లెక్కుతూ నాలుగుచోట్ల కూర్చున్నాడు. మోకాళ్ల వల్ల కాదు.

చెల్లెలు ఒక్కతే ఉంది. బలం పొడి ప్యాకెట్లు అటక మీద సర్దుతోంది. బాబాయ్ గుమ్మంలోనే నిలబడి, ఆయాసపడుతూ, ముందూ వెనకా లేకుండా మొత్తం చెప్పేశాడు. గుడ్డ, బటన్, గడి, తొమ్మిదో నంబరు. సగం తప్పుగా చెప్పి, మళ్లీ మొదటికొచ్చి చెప్పాడు. ఆవిడ ప్యాకెట్టు చేత్తో పట్టుకుని అలాగే వింది. అంతా అయ్యాక ఆవిడ మొదట అన్నది ఇది:

"అయితే పిల్లలు బాగానే ఉన్నారా అన్నయ్యా?"

"బాగానే ఉన్నారే. అందరూ బాగానే ఉన్నారు."

ఆవిడ మొహం విప్పారింది. నాలుగేళ్లుగా అతను చూడని మొహం అది. "బాగానే ఉన్నారన్నమాట!" అని ఇంకోసారి అంది. తరవాత మెల్లిగా కూర్చుంది. ప్యాకెట్టు ఒళ్లో పెట్టుకుంది.

"ఆ నీలం తలుపింటి అమ్మాయి లేదూ, కవలపిల్లలది. తనకి పాలు చాలట్లేదని నేనే అన్నాను. ఎంత ఏడ్చిందో. ఇద్దర్నీ చంకనేసుకుని వారం వారం ఇన్ని మెట్లూ ఎక్కేది. తరవాత రావడం మానేసింది. ఇంటికెళ్లి వీధంతా వినేలా తిట్టొచ్చాను." ఒళ్లోని ప్యాకెట్టు తీసి పక్కన పెట్టింది. "నా కళ్లు చెప్పాయి అన్నయ్యా, పిల్లలు బాగున్నారని. వాటి మాట వినలేదు. నీ మాట విన్నాను."

తిట్టి ఉంటే బాగుండేది. ఊరందరినీ కడిగిపారేసే మనిషి తనని ఒక్క మాట అనకపోవడం బాబాయ్ భరించలేకపోయాడు. "పదవే, ఆ నీలం తలుపింటికి వెళ్లి చెప్పొద్దాం. నేనూ వస్తాను," అన్నాడు. వెళ్లారు. ఆ తల్లి గుమ్మంలో నిలబెట్టే విన్నది, లోపలికి రమ్మనలేదు. కవలలు ఆవిడ వెనక గచ్చు మీద బొంగరాల్లా తిరుగుతున్నారు. అన్నాచెల్లెళ్లిద్దరూ చెప్పాల్సింది చెప్పి, తల వంచుకుని తిరిగొచ్చారు.

శుక్రవారం సమావేశంలో బాబాయ్‌ని లోపలికి పిలిచారు. తప్పు తనదేనని చెప్పాడు. పెద్దసారు అంతా విని, "అయితే ఈ అంతస్తుల లెక్క రైటా, మన జాబితా రైటా?" అని అయోమయంగా అడిగాడు. ఆ ఒక్క విషయంలో ఆయనకీ బాబాయ్‌కీ తేడా లేదు. ఏదీ తేలక, ఈ ఏడాదికి ఏ కేంద్రాన్నీ మూయకూడదని తీర్మానించి టీ తెప్పించుకున్నారు. గుడ్డ గడి కొట్టేసి కొత్త కార్డులు అచ్చు వేయించాలన్న మాట మాత్రం వచ్చే బడ్జెట్టుకి వాయిదా పడింది.

సోమవారం మెట్ల వీధిలో మొదటి బిడ్డ అయిదు నెలల పిల్ల. బాబాయ్ కాటా తగిలించాడు, గుడ్డ తగిలించాడు, బటన్ నొక్కాడు. బిడ్డ తన్నులన్నీ అయ్యాక అంకె నిలిచింది. ఆరు కేజీల నాలుగువందలు. మొత్తం గడి నింపాడు. పెన్ను దానంతటదే పక్క గడి మీదికి వెళ్లి ఆగింది. ఖాళీగా వదిలేయాలి, అంతే. వదలడం చేతకాలేదు. చాలాసేపు చూసి, చివరికి అందులో ఒక సున్నా చుట్టాడు. నికరం ఆరు కేజీల నాలుగువందలు అని రాసి, కార్డు చెల్లెలికి అందించాడు.

ఆవిడ కార్డు తీసుకుని, చూడకుండానే బల్ల మీద బోర్లా పెట్టింది. బిడ్డని రెండు చేతుల్లోకి ఎత్తుకుని, కిటికీ వెలుగులోకి తీసుకెళ్లి, తొడలు పట్టి చూసింది.

"బాగుందమ్మా నీ కూతురు," అంది ఆ తల్లితో. ఆ తరవాత వెనక్కి తిరిగి, "ఇప్పుడు చెప్పన్నయ్యా. కాటా ఏమంటోంది?" అంది.